వేరు కుంపటికి ఏ నూనె

ల్యాబ్ గది, పొద్దున. మైక్రోస్కోప్ దగ్గర అత్త, సింకు దగ్గర కోడలు.

"మళ్ళీ మొదలెట్టావా? నూనె నూనే. అందులో గొప్పింటి నూనె, పేదింటి నూనె అని ఉంటుందా?"

"ఎందుకుండదత్తయ్యా? మీ మినరల్ నూనె మన రబ్బరు చిప్పుల్ని ఏం చేస్తోందో మీరే చూశారుగా. రబ్బరు తాగేస్తోంది దాన్ని. కాలవలన్నీ ఉబ్బిపోయి, చుక్క ఒక దారి, నూనె ఒక దారి!"

"ల్యాబ్‌లో అత్తయ్య ఏమిటి? మేడమ్ అను."

"మేడమ్ గారూ, మీ నూనెని రబ్బరు తాగేస్తోందండీ."

"వెటకారమా?"

"మర్యాద."

"నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఈ నూనెతోనే డీఎన్ఏ పని చేస్తున్నాను, తెలుసా?"

"నేను పుట్టకముందు ఈ చిప్పులే లేవు కదా మేడమ్!"

"నోటికి తాళం లేదు నీకు. అప్పుడు గాజు గొట్టాల్లో చేసేవాళ్ళం. పైన రెండు చుక్కలు ఈ నూనె వేస్తే నీళ్ళు ఆవిరైపోకుండా దుప్పటి కప్పినట్టు ఉండేది. ఒక్క రోజూ మోసం చెయ్యలేదు నన్ను."

"గొట్టంలో దుప్పటి కప్పడం వేరు, చిప్పులో చుక్కల్ని మొయ్యడం వేరు. వెంట్రుకంత కాలవ. అందులో వేలకొద్దీ నీటి చుక్కలు, ఒక్కో చుక్కలో ఒక్కో డీఎన్ఏ ముక్క. వాటిని మరిగే నీళ్ళంత వేడిలోకి తోసి, చల్లబరిచి, మళ్ళీ తోసి, ఒక్క ముక్కని కోట్ల ముక్కలు చెయ్యాలి. అంతసేపూ ఏ చుక్కా పక్క చుక్కతో కలవకూడదు. మోసే నూనె గట్టిది కాకపోతే ఎలా?"

"పాఠం నాకే చెప్తున్నావా? ఈ పాఠం నీకు చెప్పింది ఎవరు?"

"మీరే. అందుకే ఇంత బాగా వచ్చింది."

"అదిగో, వెన్న రాస్తున్నావు."

"నా ఫ్లోరిన్ నూనె రాస్తున్నా. వెన్నకంటే జారుతుంది."

"జారడమే కాదు, ఎగిరిపోతుంది కూడా. మొన్న మూత పెట్టడం మర్చిపోతే సగం సీసా గాల్లో కలిసిపోలేదూ? పైగా నీళ్ళకంటే బరువు. నా నూనెలో చుక్క బుద్ధిగా అడుక్కి దిగుతుంది. నీ దాంట్లో నెత్తి మీదకెక్కి కూర్చుంటుంది. నూనెని బట్టే మనుషులు!"

"పోనీ సిలికోన్ నూనె వాడదామా, ఇద్దరిదీ కాకుండా?"

"రబ్బరు చిప్పులో సిలికోనా? పిలవని చుట్టం వచ్చినట్టు ఒంట్లో దూరిపోయి కదలదు. వద్దు. నీదో, నాదో తేలిపోవాలి ఇవాళ."

"తేలిపోవాలి. నా నూనె గెలిస్తే పై అంతస్తులో గది నాది. తలుపు మీద నా పేరు. నా మనుషులు, నా చిప్పులు. మాట తప్పకూడదు."

"నా నూనె గెలిస్తే వేరు కుంపటి మాట ఎత్తకుండా నా బల్ల పక్కనే పడుంటావు. నువ్వూ మాట తప్పకూడదు."

"వేరు కుంపటేమిటత్తయ్యా, కాపురంలా మాట్లాడతారు! రాత్రికి మీ ఇంటికే కదా వచ్చేది."

"ఇంట్లో సరే. ఎవరొచ్చినా అదే మాట, 'మీ కోడలు ఎంత బాగా కలిసిపోయిందండీ' అని. ఇక్కడేమో చుక్క చుక్కతో కలిసిపోతే కొంప కొల్లేరు. నా బతుకంతా ఈ రెండింటి మధ్యే అయిపోయింది."

"అమ్మా! ఏమిటి అంత కేకలు? కింద గేటు దాకా వినిపిస్తున్నాయి."

"వచ్చావా నాన్నా? క్యారియర్ తెచ్చావా?"

"తెచ్చానమ్మా. వేడిగా ఉంది, మూత గట్టిగా బిగించా."

"వేడిగానా? క్యారియర్‌ని వేడెందుకు చేశావురా? గాలి తీసేసి చల్లగా తెమ్మంటే!"

"అన్నంలోంచి గాలి ఎలా తీస్తారమ్మా?"

"అన్నమా? భగవంతుడా! చుక్కల్ని మోసే నూనెరా! క్యారియర్ నూనె! కింద పంపు గదిలో గాలి తీసే డబ్బాలో పెట్టిన రెండు సీసాలు!"

"క్యారియర్ అంటే క్యారియరే అనుకున్నా. ఇరవై ఏళ్ళుగా నువ్వు క్యారియర్ అడిగితే మధ్యాహ్నం భోజనమేగా అర్థం!"

"అత్తయ్యా, ఇలాంటివాడినా నాకిచ్చి చేశారు?"

"నువ్వే ఏరుకున్నావు తల్లీ, నామీద వెయ్యకు. సరే, ఒరేయ్, విను. ఇవాళ మేమిద్దరం చిప్పు ముట్టుకోం. నువ్వే నింపాలి. ఒక సిరంజిలో నా నూనె, ఒకదాంట్లో దీని నూనె. రెండింట్లోనూ ఆ సబ్బు మందు కలపాలి, ఎవరి సబ్బు వాళ్ళ సీసా పక్కనే ఉంది."

"సబ్బెందుకు?"

"చుక్కలు ఒకదాన్నొకటి కౌగిలించుకోకుండా చుట్టూ తోలు కట్టేది అదే. అది లేకపోతే నూనె ఎంత మంచిదైనా వేడికి అంతా ఒకే చెరువు. అర్థమైందా?"

"అయింది. నూనె, సబ్బు, పంపు. స్నానం లాంటిదే."


మెట్ల మలుపు దగ్గర, కాసేపటికి. తల్లి, కొడుకు.

"ఒరేయ్, ఇలా రా. ఇంకా దగ్గరకి. అది వస్తోందా?"

"లేదు, చేతులు కడుక్కుంటోంది. ఏమిటమ్మా, దొంగసారా అమ్మేవాళ్ళలా?"

"నా సిరంజిలో సబ్బు వెయ్యకు."

"ఏంటీ?"

"గట్టిగా అనకు. నా దాంట్లో సబ్బు వెయ్యకు. దాని దాంట్లో బాగా వెయ్యి."

"అలా చేస్తే నీది చెరువైపోతుందన్నావుగా?"

"అవ్వనీ."

"ఓడిపోతావమ్మా!"

"ఓడిపోతాననే కదా చెప్తున్నది. నీకు చదువు రాలేదనుకున్నాను, చెవులు కూడా రాలేదా?"

"మరి పొద్దున్నుంచీ ఆ అరుపులు? వేసవి నుంచీ ఈ ఇంట్లో మాకు నిద్ర లేకుండా, 'పై గది వద్దు, పై గది వద్దు' అని నువ్వు చేసిన గోల?"

"వద్దన్నాను కాబట్టే అది కావాలంది. వెళ్ళవే తల్లీ అని ఉంటే వెళ్ళేదా? 'మిమ్మల్ని వదిలి ఎలా వెళ్తానత్తయ్యా' అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నీ పెళ్ళాం సంగతి నీకు తెలీదు, నాకు తెలుసు."

"అయితే ఇప్పుడు చెప్పెయ్. వెళ్ళమని."

"ఇన్నాళ్ళు వద్దని ఇప్పుడెలా చెప్తానురా? నాకు మాత్రం పరువు ఉండదూ? అయినా అత్తగారు దయతలచి పంపించిందని కాదు, తను గెలిచి వెళ్ళానని వెళ్ళాలి. అప్పుడే తల ఎత్తుకుని కూర్చుంటుంది ఆ గదిలో."

"నువ్వు గెలిపిస్తే అది గెలుపెలా అవుతుంది?"

"నోరు ముయ్. దాని నూనే మంచిది. నాకు ఎప్పుడో తెలుసు. కానీ ఇవాళ ఏ బుడగో అడ్డం పడి, ఏ పంపో మొరాయించి నాది గెలిచిందనుకో? అదృష్టం మీద వదిలేస్తానా నేను? ఆ పిల్ల నా బల్ల పక్కన ఉన్నంతకాలం 'మేడమ్ గారి కోడలు' తప్ప ఇంకేం కాదు. నీకు అర్థం కాదులే. సబ్బు వెయ్యకు, అంతే."

"తెలిస్తే నన్ను చంపేస్తుందమ్మా."

"చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? పో. ఆ మొహం మామూలుగా పెట్టుకుని పో."


కింద పంపు గది. భార్య, భర్త.

"ఏవండీ, తలుపు వెయ్యండి."

"ఇప్పుడా? ఇక్కడా?"

"ఛీ, అది కాదు. ఒక చిన్న సాయం కావాలి. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి."

"నాకెందుకో భయంగా ఉంది."

"నా సిరంజిలో సబ్బు వెయ్యకండి."

"నువ్వు కూడానా?"

"కూడానా అంటే?"

"అంటే... ఏం లేదు. నువ్వు కూడా పరిహాసాలాడతావా అని."

"పరిహాసం కాదు. నా దాంట్లో సబ్బు వద్దు. అత్తయ్య దాంట్లో వెయ్యండి, మర్చిపోకండి."

"ఓడిపోతావు."

"తెలుసు."

"మరి పై గది? తలుపు మీద పేరు? 'నా బతుకు నాకు కావాలి' అని మొన్న కంచం ముందు ఏడ్చింది ఎవరు?"

"నేనే. అప్పుడు నాకు తెలీదు."

"ఏం తెలీదు?"

"అత్తయ్య చేతులు చూశారా?"

"చేతులకేం?"

"వణుకుతున్నాయండీ. పిపెట్ పట్టుకుంటే కొస నిలవట్లేదు. కాలవ నోట్లో పెట్టాల్సింది గోడకి తగులుతోంది. కొన్ని నెలల్నుంచీ ఆవిడ చిప్పులన్నీ నేనే నింపుతున్నా. 'కళ్ళజోడు మర్చిపోయానే', 'నువ్వు చెయ్యి అమ్మాయ్, నాకు ఫోనొచ్చింది' అంటారు. ఎవరికీ తెలీకూడదని. నేనూ తెలీనట్టే ఉంటున్నా."

"అమ్మకా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు వెళ్ళి మొహం మీద అడిగేస్తారు. ఆవిడ తట్టుకోలేదు. ఆ చేతులతోనే కదా ఇంత పేరు వచ్చింది. నేను పైకి వెళ్ళిపోయాననుకోండి, కొత్తగా ఎవడో వస్తాడు, రెండు రోజుల్లో ఊరంతా టాంటాం చేస్తాడు. అది నేను చూడలేను. నాకు గది లేకపోతే పోయె."

"అయితే ఆవిడతో చెప్పు, నేను ఇక్కడే ఉంటానని."

"ఎలా చెప్తాను? ఇంత రభస చేసి! 'ఎందుకు మనసు మారింది' అని ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అడిగితే ఏం చెప్తాను? ఓడిపోతే ఏ గొడవా లేదు. మూతి ముడుచుకుని ఓ వారం తిరుగుతా, సరిపోతుంది."

"నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది."

"మీకేమైంది మధ్యలో?"

"ఏం కాలేదు. ఊరికే అన్నా. సబ్బు వెయ్యకూడదు, అంతేగా?"

"అంతే. నా బంగారం!"

"ఈ మాట పొద్దున్నుంచీ రెండోసారి, బంగారం ఒక్కటే తగ్గింది మొదటిసారి."

"ఏమిటి గొణుగుతున్నారు?"

"పంపుతో మాట్లాడుతున్నా."


ల్యాబ్ గది, మధ్యాహ్నం. ముగ్గురూ. వేడి చేసే బల్ల చల్లారింది.

"ముందు నా చిప్పు చూస్తాను, మేడమ్. అయ్యో... అయ్యయ్యో! మొత్తం చెరువే! ఒక్క చుక్క మిగల్లేదు. నేను ఓడిపోయా అత్తయ్యా! మీ నూనే గెలిచింది."

"ఆగాగు. అంత తొందరేం? నాది చూడకుండా ఓడిపోతావేంటి? ఇదిగో, ఇలా జరుగు. హమ్మయ్య... అదే, అయ్యో అంటున్నా. నాదీ చెరువే! నీది చెరువైతే నాది సముద్రం. నేనే ఓడిపోయా."

"కాదు, నాది ఎక్కువ పాడైంది."

"నాది చూడు, నురగ కూడా కట్టింది. నీ దాంట్లో ఆ మూల రెండు చుక్కలున్నాయి. అవే చాలు, నువ్వు గెలిచావు."

"అవి బుడగలు! చుక్కలు కాదు."

"నాకా చెప్తావు బుడగేదో చుక్కేదో?"

"అత్తయ్యా, ఓడిపోయినందుకు మీరెందుకు ఇంత సంతోషంగా ఉన్నారు?"

"నువ్వెందుకు ఉన్నావు?"

"నేనా? నేను... బాధలో ఉన్నా."

"పళ్ళన్నీ బయటపెట్టి బాధా? ఆగు. రెండు రకాల నూనె, ఒకేలా పాడవడం ఏమిటి? ఇది నూనె తప్పు కాదు. సబ్బు లేదు దీంట్లో."

"దాంట్లోనూ లేదత్తయ్యా."

"ఒరేయ్!"

"ఏవండీ!"

"నాకు కింద పంపు చూడాలి, ఏదో కారుతున్నట్టు..."

"నిలబడు. నీళ్ళు నమలకు. ఎందుకు వెయ్యలేదు?"

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేనేం చెయ్యను? నువ్వు నీ దాంట్లో వద్దన్నావు. ఈవిడ తన దాంట్లో వద్దంది. ఇద్దరి మాటా విన్నా. పెళ్ళయ్యాక ఇద్దరి మాటా ఒకేరోజు వినగలిగింది ఇవాళే."

"అత్తయ్యా! మీరు ఓడిపోదామనుకున్నారా?"

"నువ్వు ఓడిపోదామనుకోలేదూ?"

"ముందు నేనడిగా."

"పెద్దదాన్ని, ముందు నేనడగాలి. పై గదికి వెళ్తానని ఇల్లు పీకి పందిరేసి, తీరా అవకాశం వచ్చాక సబ్బు ఎందుకు ఎగ్గొట్టించావు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ చెరువులు తవ్వుకోరు."

"ఊరికే అత్తయ్యా. ఇక్కడ గాలి బాగా వస్తుందని."

"అబద్ధం. ఒరేయ్, నువ్వు చెప్పు."

"నేను ఒట్టేశా."

"నేను కన్నతల్లిని."

"ఏవండీ, చెప్పారంటే..."

"నీ చేతులు వణుకుతున్నాయట అమ్మా! నువ్వు దాచుకుంటున్నావట! నిన్ను వదిలి వెళ్తే అందరికీ తెలిసిపోతుందని ఆగిపోతానంది. అయిపోయింది, చెప్పేశా. ఇక ఇద్దరూ కలిసి నన్ను చంపండి."

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. వయసులో ఎవరికైనా..."

"ఆ పిపెట్ ఇలా ఇవ్వు."

"ఇప్పుడెందుకండీ?"

"ఇవ్వు. కొత్త చిప్పు పెట్టు. నీ నూనే పట్టుకురా, సబ్బు వేసి."

"నేను నింపుతా, మీరు కూర్చోండి."

"చెయ్యి తియ్యి. వెలుతురుకి అడ్డం రాకు. ఊపిరి కూడా అటు తిరిగి పీల్చు. పంపు వెయ్యరా నాన్నా."

"వేశా."

"ఇప్పుడు చూడు, ఏమైందో."

"అత్తయ్యా... వరసగా వస్తున్నాయి! పూసలు గుచ్చినట్టు, ఒకే సైజు! కొస ఒక్కసారి కూడా గోడకి తగల్లేదు! ఇది... ఇది ఎలా?"

"ఎలా ఏమిటి? చేత్తో."

"మరి ఇన్నాళ్ళూ?"

"నటించా."

"నటించారా!"

"నేను నింపుతుంటే పక్కన నిలబడి చూస్తూ ఉండేదానివి. చూసి చూసి రెండేళ్ళు గడిపేశావు. 'మీ అంత నీటుగా నాకు రాదత్తయ్యా' అనేదానివి. రెండుసార్లు కొస వణికించా, నా చేతిలోంచి లాక్కున్నావు. అప్పట్నుంచీ ఈ గదిలో వచ్చిన మంచి ఫలితమంతా నీ చేతిదే. ఇంకొకళ్ళ కోసం అనుకుంటే గానీ నీ చెయ్యి సాగదే, ఏం చెయ్యను?"

"ఎంత పని చేశారు! నేను రాత్రిళ్ళు డాక్టర్ల గురించి వెతుక్కుంటూ కూర్చున్నా! ఈయనకి కూడా చెప్పకుండా గుండెల్లో పెట్టుకున్నా!"

"నా కోసం గదిని కూడా వదిలేసుకుంటావని నేనేం కలగన్నానా? అక్కడ నా లెక్క తప్పింది. మరీ అంత మంచిదానివని తెలిస్తే కాస్త తక్కువ వణికించేదాన్ని."

"అమ్మా, సినిమాల్లోకి వెళ్ళాల్సింది నువ్వు."

"నువ్వు నోరు ముయ్. సబ్బు కూడా వెయ్యడం రాదు."

"నాకు కోపం వస్తోందత్తయ్యా. నవ్వూ వస్తోంది. ముందు కోపం పడతా, ఆగండి. అంటే మొత్తం నాటకమేనా? మీరు పడేసిన ట్యూబులు, చిందించిన నూనె, అన్నీ?"

"అన్నీ."

"మరి ఇవాళ పొద్దున వరండాలో? మీరొక్కరే కూర్చుని టీ తాగుతున్నారు. నేను కిటికీ వెనక ఉన్నానని మీకు తెలీదు. సాసర్లో కప్పు గలగలలాడిపోయింది, సగం టీ ఒలికిపోయింది. ఎవరూ చూడనప్పుడు ఎవరైనా నటిస్తారా?"

"అది నటన కాదులే."

"మరేమిటి?"

"నిన్న సాయంత్రమే మన డైరెక్టరు పెద్దాయన దగ్గరికి వెళ్ళి, పై గది నీకిచ్చెయ్యమని సంతకం పెట్టి వచ్చానే. ఇక నా బల్ల పక్కన నువ్వుండవుగా."